కాకినాడ అఖాతంలో తెరచాప ప్రయాణం: ముందు చూడవలసింది పోటు వేళ

సంపాదకులకు నమస్కారాలు.

తీరప్రాంత విహారాల గురించి మీ జిల్లా అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. కాకినాడ నుంచి హోప్ ఐలాండ్‌కు చిన్న తెరచాప పడవలో, అంటే డింగీలో, ఒక్క రోజులో వెళ్లి రావచ్చని అందులో రాశారు. వెళ్లి రావచ్చు, సందేహం లేదు. ఇంజను మోత లేకుండా, చాప మీద గాలి చప్పుడు తప్ప మరేమీ వినిపించకుండా ఆ నీళ్లు దాటడం మన జిల్లాలో దొరికే మంచి అనుభవాల్లో ఒకటి. నా అభ్యంతరమల్లా ఆ వ్యాసంలో ఇచ్చిన కాలపట్టిక గురించే. ఉదయం ఎనిమిదికి బయలుదేరాలని, పదికల్లా దీవి చేరాలని, భోజనం ముగించుకుని మూడింటికి తిరుగుముఖం పట్టాలని, ఏ తేదీకైనా సరిపోయే బస్సు వేళల మాదిరిగా రాశారు. ఆ రోజు పోటు, అంటే సముద్రపు నీరు పొంగడం, ఎన్నింటికి నిండుతుందో, పాటు, అంటే ఆ నీరు తగ్గడం, ఎన్నింటికి అడుగంటుతుందో చూసుకోవాలన్న మాట వ్యాసం మొత్తంలో ఒక్కచోట కూడా లేదు.

ఈ వ్యాసాలు చదివి బయలుదేరేవారిలో చాలామంది మత్స్యకారులు కారు. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ మీద ఆప్టిమిస్ట్, లేజర్ పడవలతో తెరచాప విద్య నేర్చుకున్న యువతీ యువకులు, సెలవులకు తీరానికి వచ్చి సముద్రాన్ని ఒకసారి చూద్దామనుకునేవారు. వారికి గాలి తెలుసు, చుక్కాని తెలుసు, పడవ బోల్తా పడితే సెంటర్‌బోర్డు, అంటే పడవ అడుగు నుంచి నీళ్లలోకి దించే పలక, మీద నిలబడి లేపడం తెలుసు. తెలియనిది ఒక్కటే: ఉదయం దిగిన చోట నీళ్లు సాయంత్రానికి అక్కడ ఉండకపోవచ్చునన్నది. చెరువులో నేర్చుకున్నవారికి ఆ అవసరం ఎన్నడూ రాలేదు కాబట్టి అది వారి తప్పు కాదు. చెప్పవలసిన వ్యాసం చెప్పకపోవడమే లోపం.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకూ మరుసటి పోటుకూ నడుమ సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. అందువల్ల ఈ రోజు వచ్చిన పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఏడు రోజులు గడిచేసరికి ఆ ఆలస్యం ఇంచుమించు ఆరు గంటలవుతుంది. ఈ ఆదివారం పదకొండింటికి అఖాతం నిండుగా ఉంటే, వచ్చే ఆదివారం అదే వేళకు పాటు అడుగున ఉంటుందన్న మాట. మీ వ్యాసంలోని కాలపట్టికను పాటించే రెండు బృందాలు వరుస ఆదివారాల్లో బయలుదేరితే, అవి వెళ్లేది ఒకే చోటికి అయినా చూసే సముద్రం ఒకటి కాదు.

నీటిమట్టం సమంగా దిగదు కూడా. నావికులు వాడే పన్నెండు వంతుల లెక్క ప్రకారం, పోటు నిండిన తరువాత మొదటి గంటలో మొత్తం తేడాలో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు, అయిదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి చొప్పున నీరు తీస్తుంది. అమావాస్య, పౌర్ణములకు ఒకటి రెండు రోజుల తరువాత మన తీరంలో పోటుకూ పాటుకూ తేడా సుమారు ఒకటిన్నర మీటర్ల దాకా ఉంటుంది. అష్టమి తరువాతి రోజుల్లో అర మీటరుకు కాస్త అటూ ఇటూగా తగ్గిపోతుంది. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో పది మీటర్లకు పైబడే పోటుతో పోల్చితే ఇది చాలా స్వల్పమనిపించవచ్చు. కానీ అఖాతం దక్షిణ భాగంలోనూ, దీవి లోపలి అంచునా నేల వాలు మరీ తక్కువ కాబట్టి, నిలువున ఒక మీటరు నీరు దిగితే అడ్డంగా చాలా దూరం బురద బయటపడుతుంది.

ఒక లెక్క చూపిస్తాను. పౌర్ణమి వెళ్లిన మర్నాడు, పదకొండింటికి పోటు నిండింది అనుకుందాం. అప్పటికే దీవి లోపలి అంచు చేరిన బృందం, నడుము కిందికి, అంటే 60 సెంటీమీటర్ల లోతు నీళ్లలో పడవ నిలిపి భోజనానికి దిగింది. సెంటర్‌బోర్డు పైకి లాగినా సరే, మనుషులూ సామానూ ఎక్కిన డింగీకి తేలడానికి ఇరవై సెంటీమీటర్ల నీళ్లయినా కావాలి. అంటే నలభై సెంటీమీటర్లు తీయగానే పడవ బురద పట్టుకుంటుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం, ఒకటిన్నర మీటర్ల పోటులో మొదటి రెండు గంటల్లో దిగేది ముప్ఫై ఏడున్నర సెంటీమీటర్లు. కాబట్టి ఒంటిగంట దాటీ దాటకముందే పడవ అడుగు తగులుతుంది. రెండింటికల్లా ఆ చోట నీళ్లే ఉండవు. మూడింటికి తిరిగి బయలుదేరాలన్న మీ వ్యాసాన్ని నమ్ముకుని కూర్చున్నవారికి, నీరు మళ్లీ ఆ మట్టానికి వచ్చేది రాత్రి తొమ్మిది దాటిన తరువాతే. అది మడ అడవి దాపున ఉన్న బురద. మోకాలి దాకా, ఒక్కోచోట తొడ దాకా దిగబడుతుంది. అందులో నడిచి పడవను నీళ్లలోకి లాగుదామనుకోవడం పగటిపూటే ప్రమాదం.

దీనికి ఉపాయం కష్టమైనదేమీ కాదు. నిండు పోటున రెండు మీటర్ల లోతున్న చోట లంగరు వేస్తే పాటు అడుగున కూడా అర మీటరు మిగులుతుంది. లంగరు తాడు కనీసం లోతుకు అయిదింతలు వదలాలి. నాటికల్ చార్టులో అచ్చయిన లోతు దాదాపు అతి తక్కువ మట్టం నుంచి కట్టిన లెక్క కాబట్టి, ఆ అంకెకు ఆ వేళకున్న పోటు ఎత్తు కలుపుకోవాలి. అయితే ఈ అఖాతం విషయంలో చార్టును కూడా పూర్తిగా నమ్మకూడదు. సుమారు పదహారు కిలోమీటర్ల పొడవున్న హోప్ ఐలాండ్ గోదావరి తెచ్చిన ఇసుక, ఒండ్రు పోగుపడి గత రెండు శతాబ్దాల కాలంలో ఏర్పడినది. ఆ పని ఆగిపోలేదు. వరద వెళ్లిన ప్రతి ఏడాదీ మేటలు జరుగుతాయి. నిరుడు దారి ఉన్న చోట ఈ ఏడాది ఉందో లేదో చెప్పగలిగినది రోజూ అక్కడ వల వేసేవారే కాబట్టి, బయలుదేరే ముందు రోజు సాయంత్రం చేపల రేవులో ఒక గంట గడపడం ఏ యాప్ చూడటం కంటే ఉపయోగం.

ఇక దిశ సంగతి. కాకినాడ అఖాతం ఉత్తరాన తెరుచుకుని ఉంది. తూర్పున దీవి అడ్డుగా నిలిచింది. దక్షిణాన, నైరుతిన కోరంగి మడ అడవులు, వాటి మధ్య నుంచి వచ్చి కలిసే గోదావరి పాయలు. పోటు ఉత్తరం నుంచి లోపలికి, దక్షిణానికి నడుస్తుంది. పాటు ఉత్తరానికి, బయటి సముద్రం వైపు లాగుతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగిన తరువాత లైఫ్ జాకెట్ల గురించి, అనుమతుల గురించి, కంట్రోల్ రూముల గురించి పత్రికల్లో చాలా చర్చ జరిగింది. అది జరగవలసిన చర్చే. కానీ ఎగువ నదిలో నీటి నడక ఎప్పుడూ ఒకవైపే. అఖాతంలో అది రోజుకు నాలుగు సార్లు తిరగబడుతుంది. ఆ సంగతి ఏ అనుమతి పత్రం మీదా రాసి ఉండదు.

చలి తగ్గుముఖం పట్టే జనవరి చివరి నుంచి మార్చి దాకా ఇక్కడ తెల్లవారుజామున సాధారణంగా పడమటి నుంచి నేల గాలి తేలికగా వీస్తుంది. ఎండ ఎక్కాక, మధ్యాహ్నం వేళకు, ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి అందుకుంటుంది. కాబట్టి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు కూడా గాలి వీపు మీదే ఉండే సదుపాయం ఈ ప్రయాణానికి ఉంది. మీ వ్యాసకర్త ఈ మాట రాయకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది, ఎందుకంటే ఈ దారికున్న అసలైన ఆకర్షణ అదే. అయితే అందులోనే ఒక మెలిక ఉంది. మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో పాటు తీస్తూ ఉంటే, ఆగ్నేయపు గాలీ, పాటూ రెండూ కలిసి పడవను ఉత్తరానికే నెడతాయి. పాటు వేగం గంటకు రెండు కిలోమీటర్లు అనుకున్నా, రెండు గంటల ప్రయాణంలో మనకు తెలియకుండానే నాలుగు కిలోమీటర్లు జరిగిపోతాం. రేవు తప్పిపోతే ఆ పైన మిగిలేది ఉప్పాడ వైపు తెరిపి తీరం. అక్కడ కెరటాలు విరిగే ఒడ్డున డింగీని దించడం అనుభవం ఉన్నవారికి కూడా సుఖం కాదు. గోదావరి దాటే నాటు పడవవాడు ఎదుటి రేవుకు సూటిగా కాక బాగా ఎగువకు పట్టి నడిపినట్టే, ఇక్కడ కూడా గమ్యానికి దక్షిణంగా గురిపెట్టి, మొదట ఆ ఎగువను సంపాదించుకుని, తరువాత జారుతూ రావాలి.

గాలీ, నీరూ ఒకే దిక్కుకు పోతే కెరటం సాఫీగా ఉంటుంది. ఎదురైతే అదే గాలికి కెరటం పొట్టిగా, నిటారుగా లేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యపు గాలి వీస్తుండగా పాటు ఉత్తరానికి లాగుతుంటే అఖాతం ముఖద్వారం దగ్గర జరిగేది అదే. ఆ నెలలు తుపానుల నెలలు కూడా కాబట్టి వాటిని వదిలేయడమే మేలు. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరద పాయల్లోకి దిగుతుంది. అప్పుడు పాటు ఎక్కువసేపు, ఎక్కువ వేగంతో నడుస్తుంది, పోటు బలహీనపడుతుంది, పట్టికలోని వేళలు పాయలు సముద్రంలో కలిసే మొగల దగ్గర సరిపోవు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు మర పడవలకు వేట నిషేధం. తెరచాప పడవకు ఆ నిషేధంతో సంబంధం లేదు కదా అని కొందరు అప్పుడే బయలుదేరుతారు. ఆ రోజుల్లో మనకు ఆపద వస్తే తాడు విసిరి లాగే మర పడవ కూడా చుట్టుపక్కల తక్కువగా ఉంటుందన్నది గుర్తుపెట్టుకోవాలి.

నీళ్ల మీద ఉన్నప్పుడు పాటు తీస్తోందా, ఎంత వేగంగా తీస్తోంది అన్నది కనిపెట్టడానికి ఏ పరికరమూ అక్కరలేదు. అఖాతంలో వలలు కట్టడానికి పాతిన కర్రలు ఉంటాయి. ఒక కర్ర దగ్గర పడవ నెమ్మదించి చూస్తే, నీరు వచ్చే వైపు కర్రకు ఆనుకుని నీళ్లు కొంచెం ఉబ్బి, పోయే వైపు తోకలాగా సన్నని సుడి కనిపిస్తుంది. సుడి పొడవు పెరిగితే వేగం పెరిగింది; మాయమైతే నీరు నిలిచింది, తిరగబోతోంది. అదే కర్ర మీద తడిగా మెరుస్తున్న గీతకూ, ఇప్పుడున్న నీటిమట్టానికీ మధ్య దూరం చూస్తే ఎంత నీరు దిగిందో తెలుస్తుంది. లంగరు మీద ఉన్న పడవలు ఎటు తిరిగి ఉన్నాయో చూడటం కూడా మంచిదే, కానీ గాలి బలంగా ఉంటే అవి నీటి మాట కాక గాలి మాట వింటాయి.

పోర్టు విషయం కూడా ఒక మాట చెప్పాలి. కాకినాడలో పెద్ద ఓడలు వచ్చే డీప్ వాటర్ పోర్టుతో పాటు, లంగరు మీద నిలిచిన ఓడలకు సరుకు చేరవేసే బార్జీలు తిరిగే యాంకరేజ్ పోర్టు కూడా ఉంది. మర పడవ తెరచాప పడవకు దారి ఇవ్వాలన్న సూత్రాన్ని చెరువులో కంఠస్థం చేసినవారు, ఓడలు నడిచే ఇరుకైన లోతు దారిలో, అంటే చానల్‌లో, అది వర్తించదని తెలుసుకోవాలి. అంతర్జాతీయ నౌకాయాన నిబంధనల్లోని 9వ నిబంధన ప్రకారం, చానల్‌లోనే నడవగలిగిన ఓడకు తెరచాప పడవ గానీ, ఇరవై మీటర్లలోపు పడవ గానీ అడ్డు రాకూడదు. చానల్‌ను అడ్డంగా, సూటిగా, గాలి నిలకడగా ఉన్నప్పుడు మాత్రమే దాటాలి. బార్జీ దూరంగా ఉందనిపించినా దానికి ఆగడం, తిరగడం మనంత తేలిక కాదు.

దీవి మీద దిగేందుకు, మడ అడవి పాయల్లోకి వెళ్లేందుకు అటవీశాఖ అనుమతి ముందుగా అడిగి తీసుకోవాలి. కోరంగి 1978 నుంచి అభయారణ్యం. విహారానికి అనువైన నెలలే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే నెలలు కూడా. బయటి సముద్రం వైపు ఇసుక మీద పడవ లాగడం, చీకటి పడ్డాక దీపాలు వేసుకుని తిరగడం ఆ రోజుల్లో చేయకూడదు.

సామాను గురించి మీ వ్యాసం బాగానే రాసింది కాబట్టి తిరిగి చెప్పను. తెడ్లు ఒక జత తప్పనిసరి అన్న మాట మాత్రం కలపాలి, ఎందుకంటే నేల గాలి పడిపోయి సముద్రపు గాలి ఇంకా అందుకోని గంట గంటన్నర సేపు తెరచాప ఉండీ లేనట్టే. ఎక్కడికి, ఎందరం, ఎన్నింటికి తిరిగి వస్తాం, ఏ వేళ దాటితే ఫోన్ చేయాలి అన్నవి ఒడ్డున ఒకరికి రాసి ఇవ్వాలి. కోస్ట్ గార్డ్‌కు 1554, తీర భద్రతా పోలీసులకు 1093 నంబర్లు ఫోన్‌లోనే కాక పడవ లోపలి వైపు రంగుతో రాసి ఉంచుకోవడం మంచిది. తడిసిన ఫోన్‌లోని నంబరు ఎవరికీ ఉపయోగపడదు.

ఇక మీకు నా విన్నపం. మీ పత్రిక రోజూ తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం నిమిషాలతో సహా అచ్చువేస్తుంది. వాటిపై నాకు అభ్యంతరం లేదు. నిజానికి తిథి చూసి పోటు పెద్దదో చిన్నదో చెప్పే మత్స్యకారులకు ఆ శీర్షికలోనే సగం సమాచారం దొరుకుతుంది. మిగిలిన సగం, అంటే ఆ రోజు పోటు నిండే రెండు వేళలు, పాటు అడుగంటే రెండు వేళలు, వాటి ఎత్తులు, అదే శీర్షిక కింద తీర జిల్లాల సంచికల్లో వేయండి. రెండు పంక్తులకు మించి చోటు పట్టదు. ఇందుకు కొత్తగా ఎవరూ లెక్క కట్టనక్కరలేదు. డెహ్రాడూన్ నుంచి సర్వే ఆఫ్ ఇండియా ఏటా పోటు పట్టికలు ప్రచురిస్తుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్, 1999లో ఏర్పడినప్పటి నుంచి సముద్రానికి సంబంధించిన సమాచారాన్ని అందిస్తున్న సంస్థ, పోటు అంచనాలతో పాటు కెరటాల ఎత్తు, గాలి వివరాలు కూడా ఉచితంగా ఇస్తుంది. ఇవి తెరచాప సరదా ఉన్న కొద్దిమందికే పనికివచ్చేవి కావు. నాటు పడవలవారికి, రొయ్యల చెరువుల్లోకి నీరు పెట్టుకునేవారికి, ఉప్పు మడుల వారికి, ఉప్పాడ ఒడ్డున ఇళ్లున్నవారికి కూడా అవి రోజూ కావలసినవే.

అచ్చువేసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల వేళలు ఒకటి కావు కాబట్టి ఏ సంచికకు ఆ రేవు వేళలే ఇవ్వాలి. రాష్ట్రమంతటికీ ఒకే అంకె వేస్తే వేయకపోవడం కంటే ఎక్కువ నష్టం. వాటి కింద చిన్న అక్షరాల్లో, ఇవి సూర్యచంద్రుల గమనాన్ని బట్టి కట్టిన అంచనాలని, వాయుగుండం పడితే గాలి పీడనం ఒక మిల్లీబార్ తగ్గినకొద్దీ సముద్రమట్టం ఇంచుమించు ఒక సెంటీమీటరు లేస్తుందని, ఒడ్డు వైపు వీచే గాలికి ఇంకా ఎక్కువ లేస్తుందని, వరద రోజుల్లో పాయల దగ్గర వేళలు మారుతాయని ఒక వాక్యం చేర్చాలి. ఈలోగా, ఆ విహార వ్యాసానికి సవరణగా, హోప్ ఐలాండ్ ప్రయాణానికి ఎనిమిది గంటల బయలుదేరు వేళ అన్ని రోజులకూ వర్తించదని, ఆ రోజు పోటు నిండే వేళకు కనీసం గంట ముందు దీవి చేరి, నీరు తీయడం మొదలైన గంటలోపు లోతు నీళ్లలోకి వచ్చేటట్టు వెనక నుంచి ముందుకు లెక్క వేసుకోవాలని రాబోయే ఆదివారం అనుబంధంలోనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
కాకినాడ